"అర్థమైందా?" అని అడగకండి

పాఠం చదివించాక పిల్లల్ని "అర్థమైందా?" అని అడగడం ఈ రోజుతో మానేయండి. ఆ ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబు ఒక్కటే: "ఆఁ." అర్థమైనవాడూ అదే అంటాడు, కానివాడూ అదే అంటాడు. కానివాడు కాస్త గట్టిగానే అంటాడు. వాడికి ఆటకు పోవాలని తొందర, లేదా మీ కోపమంటే భయం. రోజూ అడిగి, రోజూ ఆ "ఆఁ"తో సరిపెట్టుకుంటే, మూడో తరగతిలోనే పిల్లవాడికి తెలియకపోయినా తల ఊపడం అలవాటైపోతుంది. ఆ అలవాటు వాడితోపాటే పెరుగుతుంది. పెద్దయ్యాక ఆఫీసులో పని అప్పజెప్పినప్పుడు తల ఊపుతాడు. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టమంటే తల ఊపుతాడు. డాక్టరు మందులు ఎలా వేసుకోవాలో చెబుతుంటే కూడా తల ఊపుతాడు.

అందుకే, చదివింది అర్థం చేసుకోవడం అన్నది తెలుగు వాచకానికో ఇంగ్లీషు రీడరుకో సంబంధించిన చిన్న సంగతి అని నేను అనుకోను. మనిషి తయారయ్యేది అక్కడే. "ఇక్కడిదాకా తెలిసింది, ఈ మాట దగ్గర ఆగిపోయాను" అని జంకు లేకుండా చెప్పగల పిల్ల రేపు ఎవరి ముందైనా నిలబడి తనకు కావలసింది అడగగలదు. ఆ ధైర్యం ప్రసంగాలతో రాదు. రోజూ చదివే పాఠం దగ్గరే రావాలి.

ఈ మాటలు ముఖ్యంగా గంజాం జిల్లాలో, బరంపురం అంకులిలో ఉంటున్న తెలుగు ఇళ్ళవారికోసం రాస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు మారింది కానీ చాలా ఇళ్ళల్లో మాట మారలేదు. ఇక్కడి తెలుగు పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. వీధిలో ఒడియా, బడిలో ఒడియానో ఇంగ్లీషో, టీవీ ముందు హిందీ. "ఇన్ని భాషల మధ్య పిల్లలు ఏదీ రాకుండా పోతున్నారండీ" అని పెద్దలు దిగులుపడుతుంటారు. ఆ దిగులు అక్కర్లేదు. ఒకే భాష తెలిసిన పిల్లలకు లేని సరంజామా వీళ్ళ దగ్గర ఉంది. దాన్ని ఎలా వాడాలో మనకు తెలిస్తే చాలు.

గడగడా చదివితే చాలదు

ముందు చేదు నిజం చూద్దాం. గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. ఐదో తరగతికి వచ్చేసరికి 44.8 శాతం. ఇది పైకి చదవగలగడం గురించిన లెక్క మాత్రమే. చదివినదాని సారం ఎంతమందికి అందిందన్నది ఆ తర్వాతి మెట్టు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే, అక్షరాలు పట్టి చదవగలిగే శక్తిని, విన్న మాటను గ్రహించే శక్తితో గుణిస్తే వచ్చేది. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నానే. ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తున్న పిల్లవాణ్ణి చూసి మురిసిపోయే తండ్రి ఈ గుణకారం ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ పాఠాన్నే ఎవరో చదివి వినిపిస్తే పిల్లవాడికి ఏమీ తెలియకపోతే, వాడి గడగడకు విలువ లేదు.

ఇంకో సంగతి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనేవారు బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం పిల్లలతో చదివించారు. చదువులో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియనివాళ్ళకంటే బాగా అర్థం చేసుకున్నారు. అంటే, లోకం ఎంత తెలిస్తే పాఠం అంత తెలుస్తుంది. అంకులి పిల్లలకు లోకం చూపించడానికి దూరం పోనక్కర్లేదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలాదిగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు నెలన్నరకు పిల్లలు బయటికొచ్చి నీళ్ళవైపు పాకుతాయి. ఈ సంగతి తెలిసిన పిల్లకు తాబేలు మీద ఏ భాషలో పాఠం వచ్చినా సగం పని ముందే అయిపోయినట్టే. పాఠం తెరవకముందు దాని గురించి అయిదు నిమిషాలు కబుర్లు చెప్పండి. అదీ చదువే.

ఒక పేరా, మూడు లోతులు

ఇప్పుడు పనిలోకి దిగుదాం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఈనాటి చిన్నపిల్లలు అప్పటికి పుట్టలేదు గానీ, ఆ రాత్రి గురించి చెప్పగల పెద్దవాళ్ళు గంజాంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటి ఒక రాత్రి మీద నాలుగో తరగతి పిల్లలకోసం నేను రాసిన చిన్న పేరా ఇది:

"ఆ రాత్రి గాలి రాక్షసిలా అరిచింది. తాతయ్య కిటికీ రెక్కలకు తాడు కట్టాడు. అమ్మ బియ్యం డబ్బాను మంచం మీదికి ఎత్తింది. రాజుకి నోట మాట రాలేదు. తెల్లవారి తలుపు తీస్తే వీధి వీధిలా లేదు. పెరటి మామిడిచెట్టు నేలమీద పడుకుని ఉంది. తాతయ్య దాని మొదలు నిమిరాడు. లోపలికి వెళ్ళినవాడు చాలాసేపు బయటికి రాలేదు."

మొదటి రకం ప్రశ్నలకు జవాబు పేజీ మీదే ఉంటుంది. తాతయ్య కిటికీ రెక్కలకు ఏం కట్టాడు? ఏ చెట్టు పడిపోయింది? గైడు పుస్తకాల్లో, ట్యూషను నోట్సుల్లో ఉండేవి ఎక్కువగా ఇవే. వీటితో మొదలుపెట్టండి, వీటి దగ్గరే ఆగిపోకండి.

రెండో రకం ప్రశ్నలకు జవాబు వాక్యాల మధ్య ఉంటుంది. అమ్మ బియ్యం డబ్బాను మంచం మీదికి ఎందుకు ఎత్తింది? పేరా అంతా వెతికినా "నీళ్ళు" అన్న మాట లేదు. అయినా ఇంట్లోకి నీళ్ళు వస్తాయని అమ్మ భయపడిందని పిల్లలు పట్టుకోవాలి. తాతయ్య చాలాసేపు బయటికి ఎందుకు రాలేదు? ఇక్కడ ఓపిక పట్టండి. ఒక పాప "ఏడుస్తున్నాడేమో" అంటుంది. ఒక బాబు "తాతయ్యకి జ్వరమొచ్చింది" అంటాడు. తప్పు అని కొట్టిపారేయకండి. ఇద్దరినీ ఒకే మాట అడగండి: "ఏ మాట చూసి అలా అనుకున్నావు, నాన్నా? వేలు పెట్టి చూపించు."

నా దృష్టిలో మొత్తం ఈ పనికి ప్రాణం ఆ ప్రశ్నే. పాప వేలు "నిమిరాడు" మీదికి వెళుతుంది. మనం దేన్ని నిమురుతాం? పిల్లల తల, దూడ వీపు. ప్రేమ ఉన్నవాటినే కదా. అయితే ఆ చెట్టు తాతయ్య నాటిందే అయ్యుంటుంది. పాప ఊహకు ఆధారం దొరికింది. బాబు వేలు పేరాలో ఎక్కడా ఆగదు. వెతికి వెతికి తనే "జ్వరమని ఇక్కడ లేదు మామ్మా" అంటాడు. ఎవరూ తిట్టకుండానే తన మాటను తనే సరిదిద్దుకున్నాడు. పెద్దయ్యాక ఫోన్లో వచ్చే ప్రతి వదంతినీ నమ్మకుండా "ఆధారం ఏమిటి?" అని అడిగే మనిషి ఇలాగే తయారవుతాడు.

మూడో రకం ప్రశ్నలు మాట లోపలి మాటవి. గాలికి గొంతు ఉందా? చెట్టు పడుకుంటుందా? నోట మాట రాలేదంటే రాజు మూగవాడా? వీధి వీధిలా లేకపోతే మరి ఎలా ఉంది? చిన్నపిల్లలు మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు. అది వాళ్ళ తెలివితక్కువ కాదు, వయసు. ఆ వయసులో ఉన్నప్పుడే మాటకు రెండో అంతస్తు ఉందని వాళ్ళకు చూపించాలి.

అమ్మమ్మ నోట్లో అలంకారశాస్త్రం

ఉపమ, రూపకం, అతిశయోక్తి అన్న పేర్లు హైస్కూలుకు వెళ్ళాక నేర్చుకోవచ్చు. పేరు కంఠస్థం చేసి లోపలి సంగతి పట్టుకోలేని పిల్లలు చాలామంది ఉన్నారు. ప్రాథమిక తరగతుల్లో పని మరొకటి. పోలిక వినగానే మూడు మాటలు అడగాలి. దేన్ని పోల్చారు? దేనితో పోల్చారు? రెండింటిలో కలిసింది ఏమిటి? మూడోదే అసలు ప్రశ్న. గాలిని రాక్షసితో పోల్చారు. కలిసింది ఏమిటి? అరుపు. ఇంకా? భయం. ఇంకా? దేన్నైనా పడగొట్టే బలం. ఒక చిన్న వాక్యంలోంచి పిల్లలు మూడు సంగతులు బయటికి తీశారంటే, రచయిత పక్కన కూర్చున్నట్టే.

దీనికి మీరు పుస్తకాలు కొనక్కర్లేదు. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు కూర తరుగుతూ మాట్లాడే మాటలు వినండి. "వాడికి ముక్కు మీద కోపం." "ఆవిడ చేతికి ఎముక లేదు." "అడిగితే నీళ్ళు నములుతున్నాడు." "చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు." "ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు." ఒక్కొక్కటీ ఒక పాఠం. పిల్లలకు ఒక కాగితం ఇచ్చి రెండు బొమ్మలు వేయమనండి. ఒకవైపు, మాట ఎలా వినిపిస్తే అలా: చెవిలో చిన్న ఇల్లు, దానికో తలుపు. రెండోవైపు, అసలు జరిగింది: సైకిలు కొనమని నాన్న వెనకాలే తిరుగుతున్న పిల్లవాడు. మొదటి బొమ్మకు పిల్లలు పడీ పడీ నవ్వుతారు, రెండో బొమ్మ దగ్గర ఆలోచిస్తారు. ఆ జాతీయాన్ని ఇక మరిచిపోరు.

తర్వాత ఆ మాటను వాళ్ళ చేత వాడించండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "నీళ్ళు నమలడం" అంటే జవాబు చెప్పలేక తడబడటం అని రాయించి ఊరుకుంటారు. "నిన్న నువ్వు ఎప్పుడు నీళ్ళు నమిలావురా?" అని అడగండి. హోంవర్కు చేయలేదని టీచరుగారికి చెప్పలేకపోయిన సంగతి బయటికి వస్తుంది. వాడి బతుకులోని సంగతికి అంటుకున్న మాట వాడిదైపోతుంది.

అరిగిపోయిన పోలికలు మాత్రం పిల్లల చేత రాయించకండి. అంకులిలో మంచు ఎప్పుడూ చూడని పాప "మంచులా తెల్లగా" అని రాస్తే అది పాప మాట కాదు, పుస్తకం మాట. "నువ్వు కళ్ళారా చూసినదానితో పోల్చు" అనండి. బరంపురం పట్టుచీర అంచులో వరుసగా కనిపించే కుంభాలు చూసింది. రెండేళ్ళకోసారి బుధి ఠాకురాణి యాత్రలో జనం వీధి నిండా కదిలి రావడం చూసింది. గోపాలపూర్ ఒడ్డున అల వెనక్కి పోతుంటే పాదాల కింద ఇసుక జారిపోవడం తెలుసు. పరీక్ష పేపరు చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో ఆ ఇసుకతో చెప్పమని చూడండి. ఏ గైడులోనూ దొరకని వాక్యం వస్తుంది.

ఈ జిల్లాకు ఇందులో పెద్ద వారసత్వమే ఉంది. అలంకారాలకు పెట్టింది పేరైన ఒడియా కవి ఉపేంద్ర భంజ ఈ గంజాం ప్రాంతంలోని ఘుముసర్ రాజకుటుంబంవాడు. ఆయన "వైదేహీశ విలాస" కావ్యాన్ని ప్రతి పాదమూ ఒకే అక్షరంతో, ఒడియాలో "బ" అని పలికే అక్షరంతో, మొదలయ్యేలా నడిపాడు. పిల్లలకు ఈ సంగతి చెప్పి, వాళ్ళకు నచ్చిన అక్షరంతో ఒక్క వాక్యం కట్టమనండి. "కాకి కొమ్మ కింద కూర్చుని కందిపప్పు కొరికింది" లాంటివి వస్తాయి. అర్థం కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మాటల చప్పుడు వినడం నేర్చుకున్న చెవికి కవిత్వం దగ్గరవుతుంది.

ఏ భాషలో చదివినా, మన మాటలో చెప్పనివ్వండి

పాఠం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటే ఏం చేయాలి? చదవడం ఆ భాషలోనే చదివించండి. పుస్తకం మూశాక, కథను తెలుగులో చెప్పమనండి. బట్టీ పట్టిన వాక్యాలు తెలుగులోకి రావు. అర్థమైనదే వస్తుంది. ఎక్కడ కథ తెగిందో అక్కడ పిల్లకు తెలియని మాట ఉందన్నమాట. వెనక్కి వెళ్ళి ఆ చోటే చూడండి. పాఠమంతా మళ్ళీ మొదటినుంచి చెప్పనక్కర్లేదు.

ఇంటి మాటకు చదువులో చోటు ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసింది మనకు పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో. అది ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. పిల్లలకు అర్థంకాని గ్రాంథికంలో పాఠాలు ఎందుకని నిలదీసిన మనిషి ఆయన. అంతటితో ఆగక సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశారు, వాచకాలు రాశారు. పర్లాకిమిడి నుంచి ఆ మాట చెప్పి నూరేళ్ళు దాటింది. ఇంకా మన పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో పాఠం గురించి మాట్లాడితే "ఇంగ్లీషులో చెప్పు" అని గదమాయించడం న్యాయం కాదు.

పునశ్చరణ అంటే మళ్ళీ చదవడం కాదు

పరీక్షలు దగ్గరకొస్తే "మళ్ళీ ఒకసారి చదువు" అంటాం. పిల్లలు కళ్ళతో పేజీ తిప్పుతారు. అంతా తెలిసినట్టే ఉంటుంది, తెల్లారితే ఏమీ ఉండదు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు చదివాక, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది.

కాబట్టి పుస్తకం మూయించి అడగండి. రోజులు ఎడం పెట్టి అడగండి. తుపాను పేరా చదివిన మర్నాడు అన్నం తింటున్నప్పుడు "తాతయ్య చెట్టును ఏం చేశాడు?" అనండి. మూడు రోజులకు ఇంకొకటి, వారానికి మరొకటి. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు చాలు.

ఈ ఎడమెడంగా వినిపించే పద్ధతి మన గంజాంకు కొత్తది కాదు. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడి శాసనాలు చెక్కిన బండ ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంనాటిది. అప్పట్లో అక్కడున్న సమాప నగరంలోని అధికారులకోసం చెక్కించిన శాసనంలో, దీన్ని తిష్య నక్షత్రం వచ్చే రోజుల్లో చదివి వినిపించాలని, మధ్యలో వీలైనప్పుడు ఒక్కడే వినేవాడున్నా వినిపించాలని చెప్పించాడు. రాయి మీద చెక్కినా, మళ్ళీ మళ్ళీ వింటేనే మనసుకు పడుతుందని ఆయనకు తెలుసు. మనుషులందరూ తన బిడ్డలని, కన్నబిడ్డలకు ఏం కోరుకుంటానో అందరికీ అదే కోరుకుంటానని అదే శాసనంలో చెప్పాడు. సెలవురోజు పిల్లల్ని జౌగడ తీసుకెళ్ళండి. ఆ బండ ముందు నిలబెట్టి "రాజు అందరికీ తండ్రి ఎలా అవుతాడు?" అని అడగండి. పోలిక, అర్థం, చరిత్ర మూడూ ఒకేచోట దొరుకుతాయి.

మీ నోటి నుంచి రాకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "ఇంత చిన్నది కూడా తెలీదా?" అనకండి. "పక్కింటి పాప చూడు" అనకండి. పిల్లలు "తెలీదు" అన్నప్పుడు మొహం చిట్లించకండి. "ఎక్కడిదాకా తెలిసింది?" అని అడగండి. మీకే తెలియకపోతే "నాకూ తెలీదమ్మా, చూద్దాం పట్టు" అని వాళ్ళ ముందే పుస్తకం తిరగేయండి. పెద్దవాళ్ళకు కూడా తెలియనివి ఉంటాయని, తెలుసుకోవడంలో చిన్నతనం లేదని పిల్లలు చూసి నేర్చుకుంటారు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. 1956లో 7వ సవరణతో దాన్ని చేర్చారు. బరంపురం తెలుగు తల్లిదండ్రులు బడి సమావేశాల్లో ఈ మాట మర్యాదగా, గట్టిగా అడగాలి. దానికోసం ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి.

"మాకు చదువు రాదు, మేమేం చెబుతాం?" అనే నాయనమ్మలకు, అమ్మమ్మలకు ప్రత్యేకంగా ఒక మనవి. పైన చెప్పిన ప్రశ్నల్లో చాలావాటికి అక్షరం అక్కర్లేదు. పిల్లల్ని చదివి వినిపించమనండి, మీరు వినండి, తర్వాత అడగండి. మీ సామెతలు, మీ జాతీయాలు, ఫైలిన్ రాత్రి మీరు చూసినవి మీకు తప్ప ఏ టీచరుకూ తెలియవు. ఈ రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి ఒక్క పావుగంట మనవల పక్కన కూర్చోండి. మొదటి ప్రశ్న మీరు వేయండి. రెండోది వాళ్ళ చేత మిమ్మల్ని అడిగించుకోండి.